మేరీకోం, నిఖత్ జరీన్: ఒక పోటీ జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

   

రజతోత్సవమునకు ఒక ఉపన్యాసము చేయవలెనని కార్యవర్గమువారు నన్ను కోరినపుడు, భారతములోని ఏ ఘట్టమునో తీసికొందునని వారు తలచియుందురు. నేను లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనువాడను. పట్వారీలున్న దినములలో మా తండ్రిగారు ఊరి లెక్కలు వ్రాసిరి. ఆ వ్యవస్థ పోయిన పిదప నేను చుట్టుప్రక్కల సంఘముల లెక్కలును, మన గ్రంథాలయపు లెక్కలును వ్రాయుచున్నాను. గురువు నొద్ద కూర్చుండి కావ్యములు నేర్చినవాడను కాను. ఈ బీరువాలలోని భారతమును నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, తెలిసినంత తెలిసికొని, తెలియనిచోట పెన్సిలు గీత గీసికొని చదివినవాడను. ఆ గీతలు నేటికిని ఆ పుస్తకములలో నున్నవి. కార్యదర్శిగారు క్షమింతురు గాక. కనుక నన్ను పండితుడనుకొని వచ్చినవారికి కొంచెము నిరాశ తప్పదు. నేడు నేను ముష్టియుద్ధమును గూర్చి మాటాడదలచితిని. దీనినే మన పిల్లలు బాక్సింగు అందురు.

మన బార్కస్‌లో ఇట్టి విషయమునకు పీఠిక అక్కరలేదు. నిజాము ప్రభువుల కాలమున హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బు సిపాయిల బారకాసులుండుటచేతనే ఈ ప్రదేశమునకీ పేరు వచ్చినది. ఆ సిపాయిల మనుమలు, మునిమనుమలు జామతోటలు పెంచిరి, వ్యాపారములు చేసిరి. కాని తాలీమును మాత్రము విడువలేదు. నగరము వచ్చి మనలను మ్రింగినను కుస్తీమట్టి వాసన ఇంకను పోలేదు. ఇచ్చటి వారికి పుస్తకమును గూర్చి చెప్పుటకు నేను భయపడను గాని, పోటీని గూర్చి చెప్పుటకు భయపడుదును. తప్పు చెప్పినచో వెనుక వరుసలోని పహిల్వానులు నవ్వుదురు.

నేను చెప్పబోవునది ఇద్దరు స్త్రీల పోటీ. ఒకరు మణిపురపు మేరీకోం, రెండవవారు మన నిజామాబాదు నిఖత్ జరీన్. 2019వ సంవత్సరమున వీరిద్దరి నడుమ జరిగినది దేశమంతయు చూచినది. నాడు పత్రికలు దానిని తగవుగా వ్రాసినవి. నాకది తగవుగా కాక, సగము వ్రాసి విడిచిన లెక్కవలె కనబడినది. లెక్క సగములో నున్నప్పుడు మొత్తము వేయరాదని మా వృత్తిలో మొదట నేర్పుదురు.

మేరీకోం 1982లో పుట్టినది. పొలము పని చేసికొని బ్రతికెడు కుటుంబము. 1998లో బ్యాంకాకు ఏషియా క్రీడలలో తన రాష్ట్రపువాడే అయిన డింకో సింగ్ స్వర్ణము తెచ్చుట చూచి ఈమె చేతికి తొడుగు తొడిగినది. తండ్రికి చెప్పలేదు, 2000లో రాష్ట్రపు పోటీ గెలిచినప్పుడు పత్రికలో బొమ్మ చూచి ఆయన తెలిసికొనెను. 2001లో ప్రపంచ పోటీలలో రజతము, పిదప 2002, 2005, 2006, 2008, 2010, 2018 సంవత్సరములలో స్వర్ణములు. కవల పిల్లలకు తల్లియై, మరల బరిలో దిగి, 2008లో గెలిచినది. ఆరు స్వర్ణములు! ఈ అంకె ముందర నేను నమస్కరించియే తరువాతి మాట చెప్పుదును.

నిఖత్ 1996లో పుట్టినది. తండ్రి జమీల్ అహ్మద్ గారు స్వయముగా క్రీడాకారులు. కుమార్తెను మొదట పరుగు పందెములకు మైదానమునకు తీసికొనిపోయిరి. అచ్చట ముష్టియుద్ధమున ఆడపిల్లలెవ్వరును లేకుండుట చూచి, ఏల లేరని ఆమె అడిగినది. ఆడవారికి ఆ బలము లేదని లోకమనుకొనునని తండ్రి చెప్పెను. ఆ మాటయే ఆమెను బరిలోనికి దించినది. మగపిల్లలతో కలిసి అభ్యాసము చేసినది. ముఖమునకు దెబ్బ తగిలినచో రేపు పెండ్లి యెవరు చేసికొందురని తల్లి కంట నీరు పెట్టుకొనెను. మన ఇండ్లలో ఏ తల్లి పెట్టుకొనదు? 2009లో విశాఖపట్టణమున ఐ.వి. రావుగారి శిక్షణలో చేరినది. 2011లో టర్కీలోని అంటాల్యా పట్టణమున బాలికల ప్రపంచ స్వర్ణము గెలిచినది. 2017లో భుజము స్థానభ్రంశమై, శస్త్రచికిత్స జరిగి, ఏడాది బరికి దూరమైనది.

ఇద్దరికిని వయస్సులో పదునాలుగేండ్ల వ్యత్యాసము. అట్టివారు ఒకే బరిలో ఎట్లు ఎదురుపడిరి? దీనికి కారణము తూకము. ఈ విషయమును పత్రికలు పెద్దగా పట్టించుకొనలేదు గాని, నా దృష్టిలో తగవునకు వేరు ఇచ్చటనే యున్నది. మేరీకోం ప్రపంచ స్వర్ణములు 45, 46, 48 కిలోల తరగతులలోనివి. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల ముష్టియుద్ధము 2012లో లండనులో మొదలైనప్పుడు మూడే తరగతులు పెట్టిరి. అన్నిటిలో చిన్నది 51 కిలోలు. ఒలింపిక్ పతకము కోరినచో ఆమె తనకంటె బరువైనవారితో తలపడక తప్పదు. ఆమె తలపడి, ఆ ఏడు కాంస్యము తెచ్చినది. టోక్యో క్రీడలకును చిన్న తరగతి 51యే. నిఖత్ తరగతియు అదే. ఒక్క వాకిలి, ఇద్దరు మనుష్యులు. ఎవరో ఒక అధికారి కాగితముపై గీసిన గీతకు ఇటువైపున, అటువైపున ఈ ఇద్దరును నిలువవలసి వచ్చినది.

2019 మే నెలలో గువహాటిలో జరిగిన పోటీలో మేరీకోం 4–1 తో నిఖత్‌ను గెలిచినది. ఆగస్టులో ప్రపంచ పోటీలకు ఎంపిక పరీక్ష జరుగవలసియుండగా, జరుగలేదు. మేరీకోం ఫలితములు బాగున్నవి గనుక ఆమెనే పంపుదుమని ఫెడరేషన్‌వారు నిశ్చయించిరి. ఆమె రష్యాలోని ఉలాన్-ఉదేలో కాంస్యము తెచ్చినది. ఆ పతకమును పురస్కరించుకొని ఒలింపిక్ అర్హత పోటీకిని పరీక్ష లేకయే పంపు ఆలోచన సాగెను. అప్పుడు నిఖత్ క్రీడామంత్రి కిరణ్ రిజిజుగారికి లేఖ వ్రాసినది. తన్ను పంపుడని ఆమె అడుగలేదు. పోటీ పెట్టుడని మాత్రమే అడిగినది. ఇరువదిమూడు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కూడ ప్రతిమారును అర్హత సంపాదించుకొనవలసి వచ్చెనుగదా యని ఉదాహరించినది. దానికి మేరీకోం కోపించి, ఈ నిఖత్ ఎవరని అడిగినట్లు పత్రికలలో వచ్చినది.

ఈ ప్రశ్న నేను ముందే ఎక్కడనో వినియున్నాను. ఆదిపర్వమున కుమారులు అస్త్రవిద్యను ప్రదర్శించు రంగమునకు కర్ణుడు వచ్చి, అర్జునుడు చేసినదంతయు తానును చేసి, ద్వంద్వయుద్ధము కోరెను. అప్పుడు కృపాచార్యుడు లేచి, నీ కులమేది, తల్లిదండ్రులెవరు అని అడిగెను. కర్ణుని తల వాలిపోయెను. నా మట్టుకు నాకు, భారతములోని అన్యాయములలో ద్యూతము కంటె ముందు ఇది వచ్చును. ఆ దినమున బరిలో దిగనిచ్చినచో కర్ణుడు గెలిచెడివాడో ఓడెడివాడో! ఓడినను ఇంటికి పోయి మరల అభ్యాసము చేసికొనెడివాడు. ఓడనీయకుండుటచేతనే ఆ పగ కురుక్షేత్రము దాక పోయినది.

ఇచ్చట ఒక సొంత మాట చెప్పక తప్పదు. ఈ వృత్తాంతమంతయు పత్రికలలో చదువుచున్న దినములలో నాకు నిద్ర సరిగా పట్టలేదు. కారణము మీలో కొందరికి తెలియును. కామర్సు చదివి వచ్చిన మన చందాదారుల అమ్మాయి యొకతె, గ్రంథాలయపు లెక్కలు తనకును ఒకమారు చూపుమని, తాను కంప్యూటరులో వ్రాసి చూపుదునని కార్యవర్గమున అడిగినది. నేను ‘ఈ పిల్ల ఎవరు?’ అంటిని. ఎవరో నాకు తెలియక కాదు. ఆమె తాతగారును నేనును ఒకే చాయ బండి దగ్గర ముప్పది యేండ్లు చాయ త్రాగినవారము. మరుసటి దినమున ఆమె నమస్కారము చేయగా నేను తాళపుచెవుల గుత్తి సవరించుకొనుచు ప్రక్కకు చూచితిని. ఈ విషయమును ఇప్పటికి విడిచిపెట్టుదును.

లేఖ ఫలించినది. 2019 డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలోని ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణమున ఇద్దరును బరిలో దిగిరి. మేరీకోంనకు ముప్పదియేడేండ్లు, నిఖత్‌కు ఇరువదిమూడు. మేరీకోం 9–1 తో గెలిచినది.

ఆ పోటీ తునుకలను నేను తరువాత ఫోనులో, మా వీథిలోని ఒక వృద్ధ పహిల్వాను గారితో కలిసి చూచితిని. ఆయన చౌష్ కుటుంబమువారు. నన్ను ‘మునీమ్ సాబ్’ అని పిలుతురు, నేను వారిని ‘చాచా’ అందును. రెండు నిమిషములు చూచి ఆయన, ‘మునీమ్ సాబ్, పెద్దామె చేతులతో గాదు, కాళ్ళతో గెలుచుచున్నది’ అనిరి. నాకు మొదట అర్థము కాలేదు. మరల చూచినప్పుడు తెలిసినది. మేరీకోం ఎడమచేతి వాటపు నిలుకడ గల యోధురాలు. ఆమె యుక్తి ముందుకు దూకుటలో లేదు. అడుగు వెనుకకు వేయును. ఎదుటివారు, ఇదిగో చిక్కినదని ముందుకు వచ్చి దెబ్బ వేయుదురు. ఆ దెబ్బ గాలిలో పోవును. వచ్చినవారి శరీరము దెబ్బ వెంట కొంచెము ముందుకు తూలును. ఆ క్షణమున ఎదురుదెబ్బ తగులును. తగిలిన వెంటనే ఆమె అచ్చట నుండదు. కుస్తీలో కూడ ఎదుటివాని తోపును వానిపైకే త్రిప్పెడు దావులున్నవి గనుక చాచాగారికి ఇది వెంటనే కనబడినది. నిఖత్ వయస్సుతోను, కోపముతోను వచ్చినది. ఎన్ని దెబ్బలు వేసినను స్పష్టముగా తగిలినవి కొన్నియే.

శల్యపర్వమున గదాయుద్ధమునకు ముందు అర్జునుడు శ్రీకృష్ణుని, ఈ ఇద్దరిలో ఎవరధికులని అడుగును. భీముడు బలవంతుడు, సుయోధనుడు నేర్పరి. బలమునకును నేర్పునకును పోరైనచో నేర్పే గెలుచునని స్వామి చెప్పును. దుర్యోధనుడు పదుమూడేండ్లు భీముని ఇనుప ప్రతిమను చేయించుకొని, దానిపై అభ్యాసము చేసెనట. ఢిల్లీలో ఆ నాడు జరిగినది ఈ సూత్రమే. అచ్చట నాభికి క్రింద కొట్టరాదని నియమము, ఇచ్చటను నడికట్టు క్రింద కొట్టరాదని నియమము. ఢిల్లీలో ఎవ్వరును తొడపై కొట్టలేదు, బలరామునివలె ఎవ్వరును నాగలి ఎత్తలేదు. అయినను పోటీ ముగిసిన పిదప ఒక చిన్న విషయము జరిగినది. నిఖత్ చేయి చాచగా మేరీకోం ఆ చేతిని అందుకొనలేదు.

ఈ విషయమున ఇద్దరి పక్షమునను మాటలు చెప్పవచ్చును. ఇరువది యేండ్లు దేశము కొరకు దెబ్బలు తిన్న మనిషిని పరీక్షకు నిలువుమనుట ఆమెకు అవమానముగా తోచియుండవచ్చును. పరీక్షకు నిలిచి, గెలిచి, తన స్థానము తనదేనని చూపినదిగదా. ఇంకేమి కావలెనని అడుగవచ్చును. నేను ఆమె కోపమును అర్థము చేసికొందును. నా తాళపుచెవుల గుత్తి నాకు గుర్తున్నది. కాని చాచాగారు ఫోను నాకిచ్చివేసి, ‘కుస్తీ అయిన తరువాత ఎదుటివాని వీపున మట్టి దులిపినప్పుడే కుస్తీ అయినట్లు’ అని లేచిపోయిరి.

సరే, లెక్క ముందుకు సాగినది. 2021 జులైలో టోక్యోలో మేరీకోం కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియా చేతిలో 3–2 తో, ఒక్క జడ్జీ వ్యత్యాసమున ఓడినది. నిఖత్ కొలువు లేని సిపాయివలె విదేశీ పోటీలు తిరిగినది. 2021లో ఇస్తాంబులులో ప్రపంచ విజేతలైన రష్యా, కజకస్తాను యోధురాండ్రను ఇద్దరిని గెలిచినది.

ఇప్పుడు ఖాతాపుస్తకములో నేను వ్రేలు పెట్టి చూపదలచిన పంక్తి ఒకటి కలదు. టర్కీ దేశపు బుసె నాజ్ చాకిరోగ్లు అను ఆమె 2019లో ఉలాన్-ఉదేలో మేరీకోంను సెమీఫైనలులో 4–1 తో ఓడించినది; టోక్యోలో రజతము గెలిచినది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలోని సోఫియాలో అదే చాకిరోగ్లును నిఖత్ సెమీఫైనలులోనే 4–1 తో ఓడించినది. ఒకరికి చెల్లవలసిన బాకీని మరియొకరు వసూలు చేసినట్లున్నది. ఇట్టి పంక్తులు దొరికినప్పుడు లెక్కలు వ్రాయువానికి కలుగు సంతోషము ఇతరులకు చెప్పినను తెలియదు.

2022 మే 19వ తేదీన ఇస్తాంబులులో 52 కిలోల ప్రపంచ ఫైనలు. ఎదుట థాయిలాండు యోధురాలు జిత్‌పాంగ్ జుటమస్. అయిదుగురు జడ్జీలును నిఖత్ పక్షమే. వారి అంకెలు 30–27, 29–28, 29–28, 30–27, 29–28. ఈ అంకెలను చదువు విధమొకటి చెప్పుదును. మూడు రౌండ్లు, ప్రతి రౌండులోను గెలిచినవారికి పది, ఓడినవారికి సామాన్యముగా తొమ్మిది. 30–27 అనగా ఆ జడ్జీ మూడు రౌండ్లును నిఖత్‌కే ఇచ్చెను. 29–28 అనగా ఒక రౌండు జుటమస్‌కు ఇచ్చెను. మొదటి రౌండు అందరి లెక్కలోను నిఖత్‌దే. రెండవది ముగ్గురి లెక్కలో థాయిలాండుదైనది. అనగా జుటమస్ దగ్గరకు చొచ్చుకొనివచ్చి పోటీని తన కొలతకు తెచ్చుకొనుచున్నదన్నమాట. 2019లోని నిఖత్ అయినచో ఇచ్చట కోపముతో ఎదురు దూకెడిదేమో. ఈమె మూడవ రౌండులో మరల దూరము సంపాదించుకొని, తన పొడుగు చేయి పనిచేయు ఎడమున నిలిచి కొట్టినది. దూరము పాటించి, ఎదుటివారిని రానిచ్చి కొట్టుట ఎవరి విద్య? ఢిల్లీలో ఏ విద్య చేతిలో ఆమె ఓడెనో, అదే విద్య. నేర్పినవారు చేయి కలుపకపోవచ్చును. విద్య మాత్రము చేతులు మారినది.

ఆ విజయమునకు మేరీకోం బహిరంగముగా అభినందన తెలిపినది. కొలది దినములకు ఇద్దరును ఒకే ఛాయాచిత్రమున నిలిచిరి. ఆదర్శమూర్తి ఆశీస్సులేక విజయము పూర్తి కాదను భావమున నిఖత్ దాని క్రింద వ్రాసినది. రెండున్నర యేండ్లు పట్టినది ఆ చేయి కలియుటకు.

ముష్టియుద్ధమునందు జంట పేర్లు క్రొత్తవి కావు. అమెరికాలో ముహమ్మదలీ, జో ఫ్రేజియరులు మూడుమార్లు తలపడిరి. 1971లో న్యూయార్కులో ఫ్రేజియరు పదునైదవ రౌండులో అలీని నేల కూల్చి గెలిచెను. 1974లో అలీ గెలిచెను. 1975లో మనీలాలో పదునాలుగు రౌండ్ల పిదప, కన్నులు వాచి చూపానని ఫ్రేజియరును ఆయన గురువు ఎడీ ఫచ్ లేవనీయలేదు. అలీ పోటీకి ముందర ఆడిన పరిహాసపు మాటలు ఫ్రేజియరు మనస్సులో దెబ్బలకంటె ఎక్కువ కాలము నిలిచినవి. పేర్లు మాత్రము ఇప్పటికిని కలిసియే పలుకుదుము. ఆ కథతో పోల్చినచో మన వారిది చల్లగానే ముగిసినదని చెప్పవలెను.

ముగిసినదంటిని గాని నిజమునకు ముగియలేదు. 2022 నవంబరులో మేరీకోంనకు నలుబదియేండ్లు నిండినవి. అంతర్జాతీయ నియమము ప్రకారము ఆ వయస్సు దాటినవారు బరిలో దిగరాదు. 2023 మార్చిలో ఢిల్లీలో నిఖత్ వియత్నాంకు చెందిన ఙుయెన్ థి తాంను 5–0 తో గెలిచి రెండవ ప్రపంచ స్వర్ణము సంపాదించినది. మేరీకోం తరువాత ఒకటికి మించి ప్రపంచ స్వర్ణములు గల భారతస్త్రీ ఈమెయే. ఒలింపిక్ తరగతి పారిస్ నాటికి 50 కిలోలకు దిగినది. మరల ఆ గీతయే! 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనాకు చెందిన వూ యూ నిఖత్‌ను 5–0 తో ఓడించి, తరువాత స్వర్ణము కూడ గెలిచినది. ఆ ఏడే తెలంగాణ పోలీసు శాఖలో నిఖత్‌కు డీఎస్పీ పదవి లభించినది. 2025లో లివర్‌పూలులో చాకిరోగ్లు ఆమెను 5–0 తో ఓడించినది. సోఫియా బాకీ తిరిగి చెల్లినది. పహిల్వాను చాచాగారికి ఆ ఫలితము చెప్పగా, ‘ఇంకెవతెయో ఏ ఊరిలోనో ఈమె ఆట చూచుచుండును’ అని జామకాయ కోసి సగము నా చేత పెట్టిరి.

ఇక నేను విడిచిపెట్టిన మాట. రజతోత్సవపు లెక్కలు ఆడిటుకు పోవలసియున్నందున గత మాసమున కార్యవర్గమువారు ఒక పరీక్ష పెట్టిరి. ఏడాది వోచర్లు నకలు తీసి, నాకొక కట్ట, ఆ అమ్మాయికొక కట్ట ఇచ్చిరి. నేను కలముతో వ్రాసితిని, ఆమె కంప్యూటరుతో వ్రాసినది. నేను ఒక దినము ముందుగా ముగించితిని; నిలువ అణాపైసలతో సరిపోయినది. అనగా గెలిచితిని. ఆమె లేచి నమస్కరించినది. ఈమారు నేను తాళపుచెవులను చూడలేదు. ప్రతినమస్కారము చేసి, కుర్చీ చూపించి, ఇరువదియైదేండ్ల పద్దు పుస్తకములు ఆమె ముందర పెట్టితిని. అరగంటలో ఆమె తల ఎత్తి, ‘తాతయ్యా, పదునెనిమిదవ ఏటి చందాలలో ఒక పుట రెండుమార్లు కూడినారు’ అని చెప్పినది. కళ్ళజోడు తుడుచుకొని చూచితిని. కూడితిని.